తీగ విప్పిన సీసా

సీసాలు నింపే యంత్రాలు బాగుచేసేవాళ్లకు ఒక పిచ్చి ఉంటుంది. పడకేసిన యంత్రం మళ్లీ నడవగానే, దాన్లోంచి మొదట బయటికొచ్చిన సీసాను ఇంటికి తెచ్చుకుంటారు. అది పాలదైనా, నూనెదైనా, ఫినాయిలుదైనా సరే. మన మెకానిక్ ఇంట్లో హాలు గోడ అరల నిండా అలాంటివే. వచ్చిన చుట్టాలు వాటిని చూసి, వేటగాడి ఇంట్లో పులితలలు చూసినట్టు నోరెళ్లబెట్టాలని అతని కోరిక. చుట్టాలేమో పాతసామాన్లవాడికి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా అని సలహా చెప్పి పోతుంటారు.

ఆ తొలి సీసాల్లో ఉండేది పాలూ కాదు, నూనే కాదు. బాగుచేసిన యంత్రంలో మంచి సరుకు పోసి ఎవరూ పరీక్షించరు. గొట్టాలు కడిగే కాస్టిక్ సోడా నీళ్లే పోసి, మట్టం సరిగ్గా వస్తోందా, బిరడా బిగుస్తోందా, లేబుల్ వంకరపోకుండా అంటుకుంటోందా అని చూస్తారు. అంచేత తొలి సీసా పైకి అచ్చం దుకాణంలో సీసాలాగే నిగనిగలాడుతుంది. లోపలున్నది మాత్రం ఒక్క గుక్క దిగితే గొంతు దగ్గర్నుంచి కడుపు దాకా కాల్చేస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే అదే. అందుకని దాని మెడకు రెండు చుట్లు ఇనుప తీగ బిగించడం ఆ పనివాళ్ల కట్టుబాటు. మెడకు తీగ ఉన్న సీసాను ఆ పని తెలిసినవాడెవడూ తెరవడు. ఆ పని తెలియనివాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈసారి కంపెనీ అతన్ని పంపింది పరాయిదేశంలో ఒక వైన్ ఫ్యాక్టరీకి. యంత్రం మొండికేసింది. మన మెకానిక్ అంతకన్నా మొండివాడు. చివరికి అదే దారికొచ్చింది. ఫ్యాక్టరీ యజమాని, నెత్తిన ఒక్క వెంట్రుక లేని ముసలాయన, పొంగిపోయి సొంత ఇంట్లో, సొంతానికి చేసుకున్న వైన్ ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. దానికి లేబుల్ లేదు, రంగు కాగితం లేదు, నేలమాళిగ దుమ్ము కూడా పూర్తిగా వదల్లేదు. అలాంటిది డబ్బిచ్చినా దొరకదని అక్కడి పనివాళ్లు చెప్పారు. మెకానిక్ దాన్నీ, అలవాటు కొద్దీ తన తొలి సీసానూ పాత ప్యాంట్లలో చుట్టి పెట్టెలో పెట్టుకుని ఇల్లు చేరాడు. రెండింటినీ భోజనాల బల్ల మీద పెట్టి, ఏది ఏమిటో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లి మంచమెక్కాడు. ఆ నిద్ర నిద్ర కాదు, రాయి నీళ్లలో మునిగినట్టు మునిగిపోయాడు.

మర్నాడు పొద్దున నోట్లో బ్రష్షుతో హాల్లోకి వచ్చేసరికి బల్ల మీద ఒక్క సీసానే ఉంది. లేబుల్ లేని ముసలాయన సీసా. కిటికీ గట్టు మీద మెలికలు తిరిగిన ఇనుప తీగ ఉంది. దాని పక్కన అతని కటింగ్ ప్లేయరు ఉంది. నురగ గడ్డం మీదికి కారుతోందన్న సంగతి అతనికి తెలియలేదు.

ఆ సీసా ఏదని అడిగాడు. భార్య వంటింట్లోంచి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముందు కోప్పడనని మాటిమ్మంది. తర్వాత గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. నిన్న మధ్యాహ్నం అతను నిద్రపోతుండగా అక్కను టైలరు కొట్టు దగ్గర కలిసింది. రెండు సీసాల్లో అందమైనదాన్ని తీసుకెళ్లి ఇచ్చింది. మెడకున్న తుప్పు తీగ బాగాలేదని తీసేసి ఎర్ర రిబ్బను కట్టింది.

"మీరే పంపారని చెప్పాను. బావగారికి మా ఆయన ప్రత్యేకంగా తెచ్చారని చెప్పాను. అబద్ధమే. కానీ అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇన్నాళ్లకైనా మరిదికి మనసొచ్చిందా అంది. ఇప్పుడు మీరు కాదంటే నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

ఈ కన్నీళ్ల వెనక సంగతి చెప్పాలి. అక్క మొగుడు ఒకప్పుడు పెద్దాసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేసేవాడు. చుట్టాలందరికీ ఇప్పటికీ మందులాయనే. ఒకరోజు ఒక పసిపిల్లకు ఇవ్వాల్సినదానికి బదులు పెద్దవాళ్లకిచ్చే మందు ఇచ్చేశాడు. పిల్ల బతికింది. ఆయన ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇంటి ముందుగదిలో సబ్బులు, దువ్వెనలు, పెన్నులు పెట్టుకుని చిన్న కొట్టు నడుపుకుంటున్నాడు. తోడల్లుళ్లన్నాక ఒకరినొకరు గిల్లుకోకుండా ఉండరు. అత్తారింట్లో ఎవరికి ముందు కాఫీ ఇచ్చారన్న దగ్గర్నుంచి వాళ్లకు పోటీయే. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో, భోజనాల వరసలో, తమ్ముడు ఎన్ని దేశాలు తిరిగినా గోళ్లలో గ్రీజు మాత్రం వదల్లేదని మందులాయన నవ్వులాటకు అన్నాడు. వరసంతా నవ్వింది. మన మెకానిక్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గ్రీజుదేముంది అన్నయ్యా, సబ్బేస్తే పోతుంది. మీ చేతి మందు తాగినవాళ్లు లేచి తిరగడమే గొప్ప."

వరస ఇంకా గట్టిగా నవ్వి, అంతలోనే నోరు మూసుకుంది. మందులాయన కలిపిన ముద్ద అలాగే వదిలేసి చేయి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య రాకపోకల్లేవు. అక్కాచెల్లెళ్లు మాత్రం టైలరు కొట్టు దగ్గరా, కూరల బజార్లోనూ దొంగల్లా కలుసుకుంటూ వచ్చారు. ఆ మాటకు క్షమాపణ చెప్పమని భార్య ఎన్నిసార్లో బతిమాలింది. అన్న మాట నిజమే కదా అని మెకానిక్ వాదన. నిజమైతే మాత్రం అనేస్తారా అని ఆమె వాదన.

ఇప్పుడు అతను చేయాల్సింది ఒక్కటే పని. ఫోన్ తీసి, ఆ సీసా తెరవకండి, అది విషం అని చెప్పాలి. పసిపిల్లాడికైనా తట్టే సంగతే అది. మెకానిక్ ఫోన్ తీశాడు. నంబరు ఇంకా ఉంది. వేలు దాని మీద పెట్టాడు, తీసేశాడు. అవతల మందులాయన గొంతు ఏమంటుందో అతనికి ముందే వినబడింది. నీ చేతి సీసా తాగినవాళ్లు లేచి తిరిగితే గొప్పే తమ్ముడూ, అంటాడు. అని తీరతాడు. తనే అయితే అనకుండా ఉండేవాడా? అంతే కాదు, కావాలనే పంపాడని వాళ్లు అనుకుంటే? రెండేళ్లు మాటల్లేని తోడల్లుడు ఉన్నట్టుండి విషం సీసాకు రిబ్బను కట్టి పంపాడంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

భార్యతోనూ చెప్పలేదు. చెబితే ఆమె ఆ క్షణమే ఫోన్ చేస్తుందని తెలుసు. బావగారికి వైన్ అలవాటేనా అని మాత్రం, గాల్లో మాటలాగా అడిగాడు. అలవాటేమీ లేదనీ, ఏదో మంచిరోజు చూసి తీస్తారనీ ఆమె అంది. ఆ మాట అతనికి మునిగేవాడికి గడ్డిపరకలా దొరికింది. మంచిరోజు ఇవాళే ఎందుకవుతుంది అనుకున్నాడు. సాయంత్రం తనే వెళ్లి, ముసలాయన సీసా ఇచ్చి, పొరపాటున తక్కువ రకం వచ్చింది అన్నయ్యా, ఇది అసలైనది అని ఆ సీసా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. పైగా మంచివాడన్న పేరు కూడా వస్తుంది. పాము చావకుండా, కర్ర విరగకుండా పని అయిపోతుంది.

సాయంత్రం అక్కావాళ్లింటికి వెళ్దామా అన్నాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నిజంగానేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత అతని దగ్గరికొచ్చి, గడ్డం మీద ఎండిపోయిన టూత్‌పేస్టును చెంగుతో తుడిచింది. ఎంత కోపమొచ్చినా మీ మనసు వెన్న అని నాకు తెలుసు అంది. ఆ మాట వినడం అతనికి బాగానే ఉంది. అంత సిగ్గులేకుండా బాగుంది.

ఈలోగా వర్క్‌షాపుకు వెళ్లి తీరాలి, ప్రయాణం సంగతులు పై అధికారికి చెప్పుకోవాలి. వెళ్లాడు. ఫ్యాక్టరీ యంత్రం ఎలా మొండికేసిందో, తను ఎలా దారికి తెచ్చాడో చెబుతుంటే ఆయన బాగా నవ్వాడు. తొలి సీసా తెచ్చుకున్నావా అని ఒక పాత ఫిట్టరు అడిగాడు. తెచ్చానని చెప్పి, నీళ్లు తాగే నెపంతో బయటికొచ్చాడు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. అన్నం డబ్బా ముందు కూర్చుని, ఈ పాటికి వాళ్లూ భోంచేస్తుంటారు అనుకున్నాడు. భోజనంలోకి ఓ చుక్క పోసుకుందామని వదినకు బుద్ధి పుడితే? ఫోన్ తీశాడు. ఈసారి మోగింది కూడా. రెండు సార్లు మోగగానే భయమేసి పెట్టేశాడు. అవతలివాళ్లు తిరిగి చేయలేదు. వాళ్ల దగ్గర తన నంబరు ఇప్పుడు ఉందో లేదో అనుకున్నాడు. ఎందుకు చేయలేదన్న ఆలోచన మాత్రం, చేసే స్థితిలో లేరేమో అన్న ఇంకో దారిన పోయింది. అయినా మళ్లీ చేయలేదు. సాయంత్రం ఎలాగూ వెళ్తున్నాం కదా అనుకున్నాడు. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి 'ఎలాగూ' అన్న మాట ఒక్కటి చాలు.

సాయంత్రం బస్సులో భార్య పెళ్లికూతురిలా కూర్చుంది. పెట్టెలో దాచిన చీర కట్టుకుంది. అక్క ముందు ఏం మాట్లాడాలో, బావగారి ముందు అతను ఏం మాట్లాడకూడదో దారి పొడుగునా చెబుతూనే ఉంది. పాత సంగతులు ఎత్తొద్దని చెప్పింది. గ్రీజు అన్న మాట మళ్లీ వచ్చినా నవ్వేసి ఊరుకొమ్మంది. ఒళ్లో సంచీలో ముసలాయన సీసా పెట్టుకుని అతను అన్నింటికీ తలూపాడు.

వీధి మలుపు తిరిగి, ఆ ఇల్లు కనబడగానే మెకానిక్ నడక తగ్గించాడు. కొట్టు షట్టరు సగం దించి ఉంది. మామూలుగా ఆ వేళకు మందులాయన స్టూలు మీద కూర్చుని బడిపిల్లలకు పెన్నులమ్ముతూ ఉండాలి. వదిన ఎదురొచ్చింది. చెల్లెల్ని చూసి ముఖం చేటంత చేసుకుని, మళ్లీ లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. మధ్యాహ్నం నుంచి ఆయనకు ఒంట్లో బాగోలేదంది. కడుపులో ఒకటే వికారమని పడుకున్నారంది.

ఇక్కడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. అన్నయ్య పొద్దున ఏం తిన్నారని అడిగాడు. మధ్యాహ్నం ఏం తిన్నారని అడిగాడు. తాగడానికి ఏమైనా తీసుకున్నారా అని అడిగాడు. గొంతు మండుతోందన్నారా, నోట్లో పొక్కులొచ్చాయా అని అడిగాడు. డాక్టర్లు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. మరిదికి ఇంత ప్రేమ ఉందని తెలియదే అని వదిన కళ్లు చెమ్మగిల్లాయి. చూశావా అన్నట్టు భార్య అక్క వైపు గర్వంగా చూసింది. అడుగుతూనే అతను గదంతా కళ్లతో వెతికాడు. అద్దాల బీరువాలో లేదు. టీవీ పక్కన లేదు. బల్ల కింద లేదు. ఎర్ర రిబ్బను మాత్రం ఒక కుర్చీ చేతికి వేలాడుతోంది.

లోపలి గదిలోంచి మందులాయన దగ్గు వినబడింది. ఆ వెనకే వాంతికి డోకుతున్న శబ్దం. మెకానిక్ కుర్చీలోంచి లేవడం, కుర్చీ వెనక్కి పడడం ఒక్కసారే జరిగాయి.

"వదినా, ఆ సీసా తాగారా? అది వైన్ కాదు వదినా, విషం. గొట్టాలు కడిగే కాస్టిక్ సోడా."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భార్య అతన్నే చూస్తూ ఉండిపోయింది. మందులాయన దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అన్నీ విన్నాడు. ముఖం పాలిపోయి ఉంది గానీ మనిషి నిలబడే ఉన్నాడు.

"తాగలేదు. నిన్న రాత్రి మిగిలిన కూర పడలేదు నాకు. అంతే. నువ్వు కూర్చో," అన్నాడు.

వదిన బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. వేసిన బిరడా వేసినట్టే ఉంది. నిన్న చూడగానే తనకు రుచి చూడాలనిపించిందని, ఆయనే ఒప్పుకోలేదని చెప్పింది. తెచ్చినవాడు వచ్చి, నలుగురం కూర్చున్నప్పుడే తీద్దామన్నారట. కంటి ముందుంటే తను ఊరుకోదని లోపల పెట్టించారట. మెకానిక్ సీసాను సంచీలోకి తోసి, ఇంకో కుర్చీలో కూలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. జరిగినదంతా చెప్పాడు. తీగ సంగతి చెప్పాడు. భార్య తెలియక విప్పిందని చెప్పాడు. ఈ సీసా తను పంపింది కాదని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని చెప్పాక తెలిసింది. భార్య తల దించుకుంది.

మందులాయన కోప్పడలేదు. మెకానిక్ పొద్దుటి నుంచి ఏ మాటకు భయపడ్డాడో ఆ మాటా అనలేదు. దుప్పటి భుజాల మీదికి లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇక్కడికొచ్చింది ఆ సీసా అని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"పొద్దున ఎప్పుడు?"

"పళ్లు తోముకునేటప్పుడు."

మందులాయన కిటికీలోంచి బయటికి చూశాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. మధ్యాహ్నం రెండుసార్లు మోగి ఆగిపోయింది నీ ఫోనేనా అని అడిగాడు. మెకానిక్ తలూపాడు.

"ఆ పసిపిల్లకు మందిచ్చిన రోజు నేను అన్నం ముందు కూర్చున్నాను తమ్ముడూ," అన్నాడు మందులాయన. "ముద్ద కలిపాక అనుమానమొచ్చింది, ఆ పిల్లకు ఏ సీసా ఇచ్చానా అని. ఎంగిలి చేత్తోనే ఫోన్ చేశాను. వాళ్లు ఎత్తలేదు. చెప్పులేసుకోకుండా పరిగెత్తాను. రెండో మోతాదు చెంచాలో పోసి పట్టుకునుంది వాళ్లమ్మ. చెయ్యి పట్టుకుని లాగేశాను. తర్వాత ఆసుపత్రికెళ్లి నేనే చెప్పాను, తప్పు నాదేనని. పిల్లకు నలతగా ఉంది కాబట్టి ఇంకో మోతాదు పడి ఏమైనా అయినా జబ్బే అనుకునేవాళ్లు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నీకూ తెలిసేది కాదు, పెళ్లిలో అనడానికి."

చెప్పినంతసేపూ ఆయన గొంతు పెరగలేదు. ఏదో సరుకు ధర చెబుతున్నట్టే చెప్పాడు. ఆ కథ ఇంతవరకూ ఈ ఇంటి గడప దాటలేదు. ఎవరో కనిపెట్టి పట్టుకున్నారనే చుట్టాలందరూ అనుకున్నారు, మెకానిక్ కూడా అలాగే అనుకున్నాడు. పట్టుకున్నవాడెవడూ లేడు. మెకానిక్‌కు ముఖం మండింది. క్షమించమని అడగాలనుకున్నాడు. ఏ తప్పుకు ముందు అడగాలో తేలలేదు. ఆ పిల్ల లేచి తిరిగిందంటే ఈయన పరిగెత్తబట్టే; రెండేళ్లుగా నిజమే కదా అని తను వాదించిన మాట సగమే నిజం.

మందులాయన మళ్లీ వికారంగా ఉందని లేచి లోపలికి వెళ్లాడు. వదిన వెనకే వెళ్లింది. మెకానిక్ పడిపోయిన కుర్చీని లేపి సరిగ్గా పెట్టాడు. మంచి సీసాను బల్ల మీద ఉంచాలా, వద్దా అని కాసేపు తటపటాయించి, అదీ సంచీలోనే ఉంచేశాడు. వెళ్దామా అని భార్యను అడిగాడు. ఆమె లేవలేదు. ఈ రాత్రికి అక్క దగ్గరే ఉంటానంది.

అతను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. మాటలు వెతుక్కుని, ఎలాగైతేనేం ఏమీ కాలేదు కదా అన్నాడు. గండం గడిచింది కదా అన్నాడు. వాళ్లు తాగలేదు కదా అన్నాడు.

"తాగలేదు," అంది ఆమె. "మీరొస్తారని ఆగారు."

తర్వాత తలుపు దగ్గరగా వేసి, లోపలి నుంచి గడియ పెట్టుకుంది.